ఆటల కన్సోలు – అసెంబుల్డ్ కంప్యూటరు

మన ఇండ్లలోనికి రేడియో ప్రవేశించిన దినములలో దానిని సంపాదించుకొనుటకు రెండు మార్గములు ఉండెడివి. మర్ఫీ, ఫిలిప్స్, బుష్ వంటి కంపెనీలు తయారుచేసి తమ ముద్ర వేసి పంపిన సెట్టును కొనుట మొదటిది. వాల్వులు, ట్రాన్స్‌ఫార్మరు, స్పీకరు, కొయ్య పెట్టె విడివిడిగా తెప్పించి, ఊరిలోని మెకానిక్కు చేత కూర్పించుకొనుట రెండవది. రెండవదానికి ఖర్చు తక్కువ. అందము కూడ కొంత తక్కువే. అయినను సాయంకాలపు వార్తలు రెండింటిలోను ఒక్కటే వినబడెడివి. సెట్టును ఎవరు చేసిరని ఏ రేడియో కేంద్రమును అడుగలేదు. ఒక కంపెనీ సెట్టులో ఆ కంపెనీవారి స్టేషను మాత్రమే పలుకవలెనను నియమమే ఉండియుండినచో, ఊరి మెకానిక్కు కూర్చిన సెట్టు మూగదై పోయెడిది.

ఈ పాత సంగతిని జ్ఞాపకము చేయుటకు కారణము కలదు. గడచిన పాతికేండ్లుగా వరంగల్లు, హనుమకొండ, కాజీపేటలలోని గృహస్థుల ముందునకు అదే ప్రశ్న కొత్త వేషమున వచ్చుచున్నది. పిల్లలు ఆటల యంత్రము కావలెనందురు. టెలివిజనుకు తగిలించి ఆటలాడుటకే ప్రత్యేకముగా నిర్మింపబడిన పెట్టెకు కన్సోలని పేరు. ఆ పెట్టెలో చదువు సాగదు, లెక్కలు వ్రాయబడవు అని పెద్దల శంక. అంతట పిల్లలు ఇంకొక ఉపాయము చెప్పుదురు: అదే సొమ్ముతో విడిభాగములు తెచ్చి, కన్సోలుతో సమానముగా ఆటలాడు కంప్యూటరును మనమే కూర్చుకొందము. ఇది పిల్లల మాట మాత్రమేనా, లెక్కకు నిలుచు మాటయా? దీనికి ఉత్తరము యంత్రముల చరిత్రలోను, మన రేవులలో వసూలైన సుంకములలోను దొరకును.

మొట్టమొదట కంప్యూటరు ఆట ధనవంతులకు సైతము అందునది కాదు. 1962లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యార్థులు పి.డి.పి.-1 అను యంత్రముమీద ‘స్పేస్‌వార్’ అను ఆటను రచించిరి. ఆ యంత్రము వెల 1,20,000 డాలర్లు. పదియేండ్లకు, 1972లో, రాల్ఫ్ బేర్ అను ఇంజనీరు ఊహనుండి పుట్టిన ‘మాగ్నవాక్స్ ఒడిస్సీ’ ఇంటి టెలివిజనుకు తగిలించుకొను తొలి ఆటపెట్టెగా అంగళ్లకు వచ్చినది. 1977లో అటారీ కంపెనీ విడుదల చేసిన పెట్టెలో ఆటకొక కార్ట్రిడ్జి మార్చుకొను సౌకర్యము ఉండెను. ఆ కార్ట్రిడ్జిలను ఎవరైనను తయారుచేయగలుగుటచే నాసిరకపు ఆటలు అంగళ్లను ముంచెత్తినవి. 1983లో అమెరికాలో ఆ వ్యాపారము కుప్పకూలెను.

ఆ శిథిలములనుండి జపానుదేశపు నింటెండో కంపెనీ ఒక పాఠము నేర్చుకొన్నది. 1983లో స్వదేశమున ‘ఫామికామ్’ అను పేర అమ్మిన యంత్రమును 1985లో అమెరికాకు కొనిపోవునపుడు దానిలో తాళపు చిప్పునొకదానిని అమర్చినది. కార్ట్రిడ్జిలో దానికి జతయగు చిప్పు లేనిచో యంత్రము ఆటను నడుపదు. ఆ జత చిప్పు కావలెనన్న ఆటలు చేయువారు నింటెండో అనుమతి పొందవలెను, రుసుము చెల్లింపవలెను. సెట్టును, స్టేషనును ఒకే యజమాని చేతిలో ఉంచు పద్ధతి ఆ విధముగ స్థిరపడినది.

ఆ పద్ధతిలోని వ్యాపార రహస్యము తెలిసికొనదగినది. ప్రతి ఆటపైనను రుసుము రాబట్టుకొను కంపెనీ పెట్టెను లాభము లేకుండనైనను, నష్టమునకైనను అమ్మగలదు. 2006లో సోనీ కంపెనీ ప్లేస్టేషన్ 3 యంత్రమును 599 డాలర్లకు అమ్మినపుడు, దాని భాగముల ఖర్చు సుమారు 840 డాలర్లని ఐసప్లై అను పరిశోధన సంస్థ అంచనా కట్టినది. అనగా కన్సోలు చౌకదనము కంపెనీ కొనుగోలుదారునికి ముందుగా ఇచ్చు బదులు వంటిది. ఆటలు కొన్నకొలది ఆ బదులు తీరుచుండును. విడిభాగములతో కూర్చు కంప్యూటరుకు అట్టి పోషకుడు లేడు. మదర్‌బోర్డు చేయువాడు మదర్‌బోర్డుపైనే లాభము చూచుకొనవలెను. ర్యామ్ చేయువాడు ర్యామ్‌పైనే చూచుకొనవలెను. కాబట్టి సామాన్యముగా కన్సోలుదే పైచేయి కావలెను. అయినను మన ప్రాంతమున వ్యవహారము అట్లు నడువలేదు. ఎందుకు నడువలేదో చూతము.

1981 ఆగష్టు 12న ఐ.బి.ఎం. కంపెనీ తన వ్యక్తిగత కంప్యూటరును ప్రకటించినది. త్వరగా అంగడికి చేర్చవలెనను తొందరలో, ఆ కంపెనీ దానిని బయట దొరకు భాగములతోనే కూర్చినది. ప్రాసెసరు ఇంటెల్ వారిది, నడుపు ప్రోగ్రాము మైక్రోసాఫ్ట్ వారిది. కొత్త కార్డులు తగిలించుకొనుటకు లోపల ఐదు స్లాట్లు ఉంచి, నిర్మాణ వివరములను పుస్తకముగా ప్రకటించినది. 1982లో కాంపాక్ కంపెనీ దానికి సరిజోడైన యంత్రమును ప్రకటించెను. పిమ్మట తైవాను మొదలగు దేశముల కర్మాగారములు ఒకరి భాగము మరియొకరి భాగముతో పొసగునట్లు చేయసాగినవి. నేడు హనుమకొండలోని ఒక యువకుడు స్క్రూడ్రైవరు పట్టుకొని కంప్యూటరును కూర్చగలుగుచున్నాడన్న, దానికి మూలము ఆనాటి ఆ తెరచిన పుస్తకము.

మన తెలుగునాటికి కంప్యూటరు నిర్మాణము కొత్తది కాదు. 1967లో హైదరాబాదులో స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అనగా ఇ.సి.ఐ.ఎల్., టి.డి.సి. పేరుగల కంప్యూటర్లను దేశమునకు అందించినది. వరంగల్లులో 1959 అక్టోబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ అయినది. యంత్రమును విప్పి చూడగల విద్యార్థులు ఈ ఊరికి తరతరములుగా వచ్చుచునే ఉన్నారు. కాని చేతిలో నైపుణ్యము ఉన్నంత మాత్రమున చాలదు; భాగములు అందుబాటు ధరకు దొరకవలెను. 1984 నవంబరులో ప్రకటింపబడిన కంప్యూటరు విధానము దిగుమతుల ద్వారమును కొంత తెరచినది. 1991 సంస్కరణలు దానిని మరింత తెరచినవి. 1996లో సింగపూరున కుదిరిన సమాచార సాంకేతిక ఒడంబడికలో భారతదేశము 1997లో చేరి, కంప్యూటర్లపైనను వాని భాగములపైనను దిగుమతి సుంకమును 2005 నాటికి సున్న చేయుటకు ఒప్పుకొన్నది.

ఆటల కన్సోలు ఆ ఒడంబడికలోనికి రాలేదు. సుంకముల పట్టికలో కంప్యూటరు యంత్రములతో పాటుండగా, కన్సోలు బొమ్మలు, ఆట సామగ్రుల సరసన నిలిచినది. ఈ చిన్న వర్గీకరణము మన ఊరి లెక్కను తారుమారు చేసినది. 2013 నవంబరులో ప్లేస్టేషన్ 4 అమెరికాలో 399 డాలర్లకు విడుదలయ్యెను. దాని భాగములకును కూర్పునకును 381 డాలర్లు అగునని ఐ.హెచ్.ఎస్. సంస్థ అంచనా. అనగా కంపెనీ దానిని అసలు ఖర్చుకే అమ్మినట్లు. 2014 జనవరిలో మన దేశమునకు వచ్చునప్పటికి దాని వెల 39,990 రూపాయలు. డాలరు అప్పుడు సుమారు 62 రూపాయలు. 399 డాలర్లన్న 25,000 రూపాయలకు లోపే. కంపెనీ అమెరికా గృహస్థునకు చూపిన ఔదార్యము సుంకములు, పన్నులు, రవాణా, వర్తకుల లాభములు చేరునప్పటికి మన గృహస్థుని గడపకు చేరకయే కరగిపోయినది.

పన్నుల సంగతి మరికొంత చెప్పవలసియున్నది. 2017 జులైలో వస్తుసేవల పన్ను అమలులోనికి వచ్చినపుడు కన్సోలుపై నూటికి 28 వంతున పన్ను పడినది. కంప్యూటరుపై 18 మాత్రమే. 2019 జనవరి 1 నుండి కన్సోలు పన్ను సయితము 18కి దిగినది.

ఇక భాగముల మాట. 1990 తరువాత మన జిల్లాలలోని వర్తకులకును కూర్పరులకును పెద్ద సంత సికింద్రాబాదు పార్కులేను ప్రాంతము. అందులో చెనాయ్ ట్రేడ్ సెంటరు పేరు కంప్యూటరు పని తెలిసిన ప్రతివానికి పరిచితము. కాజీపేటలో రైలెక్కి, సికింద్రాబాదులో దిగి, నాలుగు అంగళ్లలో ధరలు విచారించి, మదర్‌బోర్డు, ప్రాసెసరు, ర్యామ్, హార్డ్‌డిస్కు, కరెంటునిచ్చు ఎస్.ఎం.పి.ఎస్., క్యాబినెట్టు కొని సాయంకాలపు బండికి తిరిగివచ్చుట ఆనాటి రివాజు. ఆ కంప్యూటరు ఒక్క పనికే కట్టుబడియుండెడిది కాదు. పగలు అను స్క్రిప్టులో శుభలేఖలు, కరపత్రములు కూర్చిన యంత్రమే రాత్రి పిల్లల ఆటలకు పనికివచ్చెడిది. కన్సోలును ఆటవస్తువుగా తలచిన తండ్రి, కంప్యూటరును ఇంటి పెట్టుబడిగా భావించుట సహజము.

ఆనాడు కన్సోళ్లు మన ఊళ్లలో బొత్తిగా లేవనుకొనరాదు. ఫామికామ్‌కు నకళ్లగు చౌక యంత్రములు ‘వీడియో గేమ్’ అను పేర చిల్లర దుకాణములకు సైతము వచ్చినవి. మారియో, కాంట్రా మన పిల్లలకు తెలిసినది వానివలననే. కాని నిజమైన కన్సోలుతో పోటీకి నిలిచినది కంప్యూటరే. 1993 డిసెంబరులో ‘డూమ్’ అను ఆట వెలువడి, కార్యాలయపు యంత్రము ఆటకును పనికివచ్చునని లోకమునకు చూపినది. 1996లో త్రీడీఎఫ్ఎక్స్ కంపెనీవారి వూడూ కార్డు బొమ్మలు గీయు పనిని ప్రాసెసరు నెత్తినుండి దింపినది. అప్పటినుండి ఆటకు ముఖ్యమైన భాగము గ్రాఫిక్స్ కార్డే.

తక్కువ ఖర్చుతో ఎక్కువ పని రాబట్టు విద్యకు 1998లో ఒక ప్రసిద్ధ ఉదాహరణము దొరకినది. ఆ ఆగష్టులో ఇంటెల్ కంపెనీ సెలెరాన్ 300ఎ అను చౌక ప్రాసెసరును విడుదల చేసినది. అది 66 మెగాహెర్ట్జుల తాళమునకు నాలుగున్నర రెట్లు చొప్పున 300 మెగాహెర్ట్జుల వేగమున నడుచును. మదర్‌బోర్డుపై ఆ తాళమును 100కు మార్చినచో ఆ చిప్పే 450 మెగాహెర్ట్జులకు ఎక్కెడిది. అదే వేగముగల పెంటియం II ధరలో దీని ధర నాల్గవ వంతునకు మించదు. చిప్పు వేడెక్కును, ఒక్కొక్కటి తాళజాలక మొరాయించును. అయినను ప్రపంచమంతట యువకులు ఆ సాహసము చేసిరి. తరువాత రెండు మూడేండ్లకు ‘కౌంటర్ స్ట్రైక్’ అను ఆట కళాశాలల హాస్టళ్లకును, ఇంటర్నెట్టు కేంద్రములకును పాకినది. తీగలతో పది కంప్యూటర్లను ముడివేసి పదిమంది కలసి ఆడుట మూసిన పెట్టెతో అంత సులభము కాదు.

మరల ప్లేస్టేషన్ 4 నాటికి వత్తము. దానిలోపల ఉన్న చిప్పును ఎ.ఎం.డి. కంపెనీ చేసినది. అది మన కంప్యూటర్లలోని ప్రాసెసర్ల కుటుంబమునకే చెందినది. కావున కన్సోలును కంప్యూటరును తూచుట సులభమయ్యెను. 2014 ఫిబ్రవరిలో ఎన్‌విడియా కంపెనీ జీటీఎక్స్ 750 టి.ఐ. అను కార్డును 149 డాలర్లకు విడిచినది. దానికి 60 వాట్ల కరెంటు చాలును. మదర్‌బోర్డు స్లాటు 75 వాట్లవరకు ఈయగలదు గనుక వేరు తీగ అక్కరలేదు. అదే సంవత్సరము జూనులో ఇంటెల్ వారు 72 డాలర్లకు పెంటియం జి3258 ప్రాసెసరునిచ్చిరి. దాని వేగమును కొనినవాడే పెంచుకొనవచ్చును. ఏదో కార్యాలయము విడిచిపెట్టిన పాత కంప్యూటరులో ఈ కార్డు బిగించినచో, దాని బలము కాగితముమీద కన్సోలుకన్న తక్కువయైనను, పెక్కు ఆటలు దాదాపు సమానముగా నడిచెడివి. 39,990 రూపాయలలో కొత్త భాగములతోనే అట్టి యంత్రమును కూర్చుట మన దేశమున సాధ్యమైనది.

అయితే లెక్క న్యాయముగా వేయవలెను. కన్సోలు ధరలో ఆట నడుపు చేతియంత్రము కూడ కలదు; టెలివిజను ఇంటిలో ఉండనే ఉన్నది. కంప్యూటరుకు మానిటరు, కీబోర్డు, మౌసు వేరుగా కొనవలెను. కరెంటు ఒడిదుడుకులుగల వీధిలో యు.పి.ఎస్. తప్పదు. వరంగల్లు వేసవిలో ఎండ 44 డిగ్రీలు దాటు దినములలో గాలి ఆడని చౌక క్యాబినెట్టు, పేరులేని ఎస్.ఎం.పి.ఎస్. మొదట మిగిల్చిన వేయి రూపాయలకు బదులు యంత్రమునంతయు బలిగొనవచ్చును. ఇంకొక వైపున, ప్లేస్టేషన్ 4లో ఇతరులతో ఇంటర్నెట్టుపై ఆడుటకు చాలవరకు చందా కట్టవలెను. కంప్యూటరుపై సామాన్యముగా అక్కరలేదు. కన్సోలు ఆట డిస్కును ఆడి ముగించి మరియొకనికి అమ్ముకొనవచ్చును. కంప్యూటరు ఆటలలో ఆ వీలు దాదాపు పోయినది.

ఈ లెక్కలో దాచరాని అంకె మరియొకటి కలదు. కూర్చిన కంప్యూటరు చౌకయని మనవారు గర్వించిన కాలమున, దానిలోని ఆటలు చాలవరకు డబ్బు చెల్లింపని నకళ్లు. ఆటను రచించిన శ్రమజీవికి పైసా ముట్టకుండ చూపిన పొదుపు నిజమైన పొదుపు కాదు. కన్సోలు తాళము ఒక వైపు గుత్తాధిపత్యమునకు సాధనమైనను, మరియొక వైపు కళాకారుని కూలికి కాపలాగా ఉండెనని ఒప్పుకొనవలెను. 2003లో ప్రారంభమైన ‘స్టీమ్’ అను ఆటల విక్రయ కేంద్రము 2015 నవంబరునుండి రూపాయలలో ధరలు ప్రకటింపసాగెను. పండుగల వేళ తగ్గింపు ధరలకు ఆటలు దొరకుటచే, న్యాయముగా కొని ఆడు అలవాటు మన విద్యార్థులలో అప్పటినుండి పెరిగినది. తెరచిన యంత్రము దొంగసొత్తు లేకుండ నిలువగలదని రుజువైనది.

తరువాతి కథ కూర్పరులకు అంత అనుకూలము కాదు. ప్లేస్టేషన్ 5 మన దేశమున 2021 ఫిబ్రవరి 2న 49,990 రూపాయలకు వచ్చినది. ఆ దినములలోనే క్రిప్టో నాణెముల వేటగాండ్రు గ్రాఫిక్స్ కార్డులను గంపగుత్తగా కొనుటచే ఒక్క కార్డు ధరయే కన్సోలు ధరను తాకినది. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం అను నాణెము తన లెక్కల పద్ధతిని మార్చుకొనగా ఆ గిరాకి చల్లారి, పాత కార్డులు చౌకగా అంగడికి వచ్చినవి. 2025 చివరి మాసములలో మరియొక గాలి వీచినది. కృత్రిమ మేధకై నిర్మింపబడు డేటా కేంద్రములు మెమరీ చిప్పులను లాగుకొనుటచే ర్యామ్ ధరలు తీవ్రముగా పెరిగినవి. గృహస్థులకు ర్యామ్ అమ్ము తమ క్రూషియల్ శాఖను విరమింతుమని మైక్రాన్ కంపెనీ ఆ డిసెంబరులో ప్రకటించినది. ఎక్కడో ఏర్పడిన గిరాకి హనుమకొండ అంగడిలోని ధరల చీటీని మార్చుచున్నది. భాగములు ఎవరికివారు కొనుక్కొను స్వేచ్ఛతో పాటు, ధరల పోటును ఎవరికివారు భరింపవలసిన బాధ్యతయు వచ్చును.

కావున ప్రశ్నకు ఉత్తరము ఏటేట మారుచున్నది. కొనునాటి ధర ఒక్కటే చూచిన, కొన్ని సంవత్సరములు కన్సోలు గెలిచినది. కొన్ని సంవత్సరములు కంప్యూటరు గెలిచినది. మేము పెద్దలకు మనవి చేయునది వేరు. పిల్లలు భాగముల పట్టిక వ్రాసి తెచ్చినపుడు మొత్తము అంకెను మాత్రమే చూచి పట్టికను మడచిపెట్టవలదు. ఒక్కొక్క భాగము ఏమి పని చేయునో వారి చేతనే చెప్పింపుడు. ఎస్.ఎం.పి.ఎస్.పై ఎందుకు పిసినారితనము చూపరాదో, ర్యామ్ తరువాతనైనను ఎట్లు పెంచవచ్చునో, ఆటలకు ఏటేట ఎంత ఖర్చగునో అడుగుడు. ఉత్తరములు చెప్పగలిగినవాడు కూర్చుకొనుటకు అర్హుడు; వానికి కన్సోలుకన్న రెండు మూడు వేలు ఎక్కువైనను ఆ సొమ్ము వ్యర్థము కాదు. ఆడుట తప్ప మరియొక ఆసక్తి లేనివానికి మూసిన పెట్టెయే చాలును, అందులో చిన్నతనము లేదు. కూర్చిన యంత్రము నాలుగేండ్లకు పాతబడినను దానిలో ఒక కార్డు మార్చి మరి నాలుగేండ్లు నడిపింపవచ్చును. ఆ మార్చుట ఇంటిలోని మనిషే చేయగలడు.